సత్యక్క చీపురు - ఇంటిలోని యంత్రము

శ్రీ గురు బసవలింగాయ నమః

పన్నెండవ శతాబ్దమున కల్యాణపట్టణమునందు సమకూడిన శివశరణుల వృత్తులను ఒక్కమారు స్మరింపుడు. మడివాళ మాచయ్య బట్టలు ఉతికెను. మోళిగె మారయ్య కట్టెలమోపు మోసెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. బిజ్జలుని కొలువున భాండాగారమును చూచిన బసవేశ్వరుడును, తెడ్డు పట్టిన చౌడయ్యయు అనుభవమంటపమున సమానగౌరవముతో కూర్చుండిరి. ఆ పంక్తిలోనే సత్యక్క అను శరణి కలదు. నేటి శివమొగ్గ జిల్లా శికారిపుర ప్రాంతమందలి జంబూరు ఆమె ఊరని పెద్దలు చెప్పుదురు. శరణుల వాకిళ్లు ఊడ్చుట ఆమె కాయకము. శంభుజక్కేశ్వరుని అంకితముతో ఆమె చెప్పిన వచనములు నేటికిని నిలిచియున్నవి.

ఈ విషయమును సామాన్యముగా చదివి దాటిపోవుదురు. కాని కొంచెము ఆగి విచారింపవలెను. లోకము మిక్కిలి తక్కువగా చూచు పనులలో ఊడ్చుట ఒకటి. ఊడ్చినవారిని వాకిట నిలిపి, ఊడ్పించుకొనినవారు లోపల కూర్చుండుట ఎల్ల కాలములందును ఉన్నదే. అట్టి పనిని చేయుచునే ఒక స్త్రీ వచనకర్త్రియై, శరణియై పూజ్యురాలయ్యెను. చీపురు ఆమెకు అడ్డు కాలేదు సరికదా, అదియే ఆమెకు సోపానమయ్యెను. ఆమె వ్రతము ఒకటి వచనములయందు ప్రసిద్ధము: ఊడ్చుచుండగా త్రోవలో బంగారము పడియున్నను, వస్త్రము పడియున్నను చేత ముట్టనని ఆమె నియమము. ఈ వ్రతమును చదువరులు గుర్తుంచుకొనవలెను. ముందు చెప్పబోవు గాథకు ఇది మూలము.

చీపురు చేతులు మారినది

నేడు పట్టణములందలి అనేక గృహములలో చీపురు చేతులు మారినది. మూరెడుకన్న తక్కువ వెడల్పున, నాలుగు వ్రేళ్ల ఎత్తున, పళ్లెమువలె గుండ్రముగా నుండు ఒక యంత్రము తనంతట తాను నేలపై తిరుగుచు ధూళిని పీల్చుకొనుచున్నది. 2001 వ సంవత్సరమున స్వీడన్ దేశపు ఎలక్ట్రోలక్స్ సంస్థ ట్రైలోబైట్ అను పేర ఇట్టి యంత్రమును విపణికి తెచ్చెను. 2002 లో అమెరికాలోని ఐరోబాట్ సంస్థ రూంబా అను దానిని విడుదల చేసెను. ఆ తొలి రూంబాకు ఇంటి స్వరూపము తెలియదు. గోడకు తగిలి మరలుట, మంచమునకు తగిలి మరలుట, కొంత మేర చుట్లు తిరుగుట, ఇదియే దాని మార్గము. తరువాత వచ్చినవి లేజర్ కిరణముతోనో, కెమెరాతోనో గదులను కొలిచి, ఇంటి పటమును గీసికొనుటకు నేర్చినవి. మెట్ల అంచున పడిపోకుండ నేలవైపు ఒక కంటికి కనబడని కాంతిని పంపి, అది తిరిగి రానిచో అగాధమని తెలిసి వెనుదిరుగును. బ్యాటరీ శక్తి తగ్గగానే తన పీటకు తానే చేరి ఛార్జింగు పొందును.

ఈ యంత్రమునకు లోపములును కలవు. మన ఇండ్ల గడపలు కొంచెము ఎత్తైనచో దాటలేదు. నల్లని తివాచీ పరచినచో, ఆ నలుపు కాంతిని మ్రింగివేయుటచేత, చదునైన నేలను అగాధమని భ్రమించి ఆగిపోవుటయు కలదు. తల వెండ్రుకలు కుంచెకు చుట్టుకొనును. లోపలి ధూళిపెట్టె నిండినచో పీల్చు బలము తగ్గును. కావున మనుష్యుడు దానిని విప్పి, దులిపి, శుభ్రపరచుచుండవలెను. ఇల్లు ఊడ్చు యంత్రమును ఊడ్చుటకు మరల మనుష్యుడే కావలసియున్నాడు.

ఇట్టి యంత్రమును కొనుట దోషమా? కాదు. మోకాళ్ల నొప్పిచే వంగలేని వృద్ధులకు, ఒంటరిగా నుండు రోగులకు, ఉదయమే ఉద్యోగమునకు పరుగెత్తు స్త్రీలకు అది చేయు మేలు నిజమైన మేలు. శరీరశ్రమను తగ్గించు సాధనమును శరణధర్మము నిందింపదు. సాధనము ఇంటికి వచ్చిన పిదప ఇంటివారి నడత ఎట్లు మారినదన్నదియే ప్రశ్న.

ఒక గృహమున జరిగిన కథ

హైదరాబాదు నగరమున ఒక లింగాయత గృహస్థుడు కలడు. అతని పూర్వులు జహీరాబాదు ప్రాంతమువారు. బహుళ అంతస్తుల భవనమున అతని నివాసము. తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు. ప్రతిదినము ఇష్టలింగపూజ చేసికొను కుటుంబము. ఆ ఇంట తొమ్మిది సంవత్సరములనుండి ఒక స్త్రీ ఊడ్చి, తుడిచి, గిన్నెలు కడుగుచుండెను. ఆమె అదే వీధి చివరి బస్తీలో ఒంటిగది అద్దె ఇంట నివసించుచు, ఇద్దరు బిడ్డలను చదివించుకొనుచుండెను.

ఒక దసరా పండుగనాడు గృహస్థుడు ఊడ్చు యంత్రమును కొనితెచ్చెను. పిల్లలు సంతోషించిరి. యంత్రము ఇల్లంతయు తిరిగి, సెల్‌ఫోనులో ఇంటి పటమును చూపెను. అతడు వ్రేలితో దేవుని గది చుట్టును ఒక ఎర్రని గీత గీసి, తల్లికి చూపుచు, "అమ్మా, ఇది ఈ గీత దాటదు. పూజగదిలోకి అడుగుపెట్టదు" అనెను. తల్లి ఆ గీతను చాలసేపు చూచి ఏమియు పలుకక ఊరకుండెను.

మరుసటి నెలనుండి పనిచేయు స్త్రీకి, ఇకమీదట గిన్నెలు కడిగిన చాలునని చెప్పిరి. జీతము సగమయ్యెను. తక్కిన సగమును ఆమె ఎట్లు పూడ్చుకొనునని ఆ ఇంట ఎవరును అడుగలేదు. ఆమెయు ఏమియు అనలేదు. "సరేనమ్మా" అని తల వంచి వెళ్లెను.

మూడు నెలలు గడచెను. ఒకనాటి ఉదయమున కోడలి బంగారు చెవిదుద్దు ఒకటి కనబడలేదు. స్నానమునకు ముందు అద్దము దగ్గర తీసి పెట్టినట్లు జ్ఞాపకము. మంచము క్రింద వెదకిరి, బీరువా వెదకిరి, పరుపు దులిపిరి. చివరకు కోడలు పనిచేయు స్త్రీని పిలిచి, "నా దుద్దు నీ కంటేమైనా పడిందా?" అని అడిగెను. మాట మెత్తనిదే. కాని అడుగునపుడు ఆమె చూపు ఆ స్త్రీ కొంగు ముడిపై నిలిచెను. ఆ చూపును ఆ స్త్రీ గ్రహించెను. కొంగు విప్పి దులిపి చూపెను. అందులో ఇంటి తాళపుచెవి, రెండు పది రూపాయల కాగితములు తప్ప మరేమియు లేవు.

అంతటితో ముగియలేదు. ఆ మాట కోడలి నోట పొరుగింటికి, పొరుగింటనుండి భవనమంతటికిని ప్రాకెను. సాయంత్రము ఆమె మరొక ఇంట పని ముగించుకొని పోవునపుడు కాపలాదారు ఆమె సంచి విప్పించి చూచెను. మరునాడు ఆమె పనికి రాలేదు.

అప్పుడు వృద్ధురాలు కోడలిని ఒక మాట అడిగెను. "నాలుగేండ్ల క్రితం నా మెడలో గొలుసు తెగి మంచం కింద పడితే, ఊడుస్తూ తీసి నా చేతిలో పెట్టింది ఎవరమ్మా?" కోడలికి జ్ఞాపకము లేదు. వృద్ధురాలికి ఉన్నది. గొలుసును, దానినుండి జారిన రెండు గుండ్లను కూడ లెక్కపెట్టి ఇచ్చి, "చూసుకోండి పెద్దమ్మా, ఇంకా ఏమన్న పోయినయేమో" అని ఆ స్త్రీ పలికిన మాటయు ఉన్నది.

నాలుగవ దినమున యంత్రము గది నడుమ ఆగిపోయి, కుంచె తిరుగుట లేదని ఫోనుకు సందేశము పంపెను. ప్రతిదినము ధూళిపెట్టెను దులుపవలెనని యంత్రముతో వచ్చిన పుస్తకమున ఉన్నది. అయిదారు దినములుగా ఎవరును దులుపలేదు. గృహస్థుడు పెట్టె విప్పి పాత వార్తాపత్రికపై క్రుమ్మరించెను. వెండ్రుకల ఉండ, బియ్యపుగింజలు, పిల్లల పెన్సిలు చెక్కులు, వాని నడుమ బూడిద పూసికొని బంగారు దుద్దు!

ఇంటివారందరు ఆ కాగితము చుట్టును నిలిచి మౌనము వహించిరి. దుద్దు దొరికినదన్న సంతోషము ఒక్కరి ముఖమునను కనబడలేదు.

కదలునది ఎల్ల జంగమము కాదు

ఈ గాథను సత్యక్క వ్రతముతో కలిపి చూడవలెను. యంత్రము బంగారమును, బూడిదను ఒక్కటిగా మ్రింగెను. అది దొంగతనము కాదు, నిజాయతీయు కాదు. దానికి ఆశ లేదు, ఆశను జయించిన ఘనతయు లేదు. సత్యక్క బంగారమును బంగారమని ఎరిగియు ముట్టలేదు. ఆ పనిచేయు స్త్రీ గొలుసు విలువను ఎరిగియు, ఇంట ఎవరును చూడని వేళ, దానిని యజమానురాలి చేతిలో పెట్టెను. తెలిసి విడిచిపెట్టుటయందే వ్రతము కలదు. కాయకమునకు శరీరము మాత్రము చాలదు, ఎరుక కావలెను.

కాయకమును విచారించినచో అందు మూడు అంశములు కనబడును. మొదటిది శ్రమ. రెండవది ఆ శ్రమను సత్యముతో, శుద్ధితో చేయు ఎరుక. మూడవది వచ్చిన ఫలమును తనకొరకే దాచుకొనక గురులింగజంగమములకు, ఆకలిగొన్నవారికి పంచు దాసోహము. యంత్రము మొదటి అంశమును కొంతవరకు మోయగలదు. తక్కిన రెండును దానికి అందవు. అవి ఇంటివారి పాలనే మిగులును. శ్రమ తగ్గినదని ఎరుకను, దాసోహమును కూడ తగ్గించుకొనినచో, ఇల్లు శుభ్రమగును గాని కాయకము ఆ ఇంటనుండి వెడలిపోవును.

స్థావరము, జంగమము అను భేదమును బసవేశ్వరుడు విశేషముగా బోధించెను. రాతితో కట్టినది కూలును, చైతన్యమై చరించునది నిలుచునని ఆయన బోధ సారము. అట్లని కదలునది ఎల్ల జంగమము కాదు. యంత్రము గది గదికిని తిరుగును, గోడను తప్పించుకొనును, ఇంటికి తిరిగివచ్చును. అయినను అది స్థావరమే. జంగమత్వము ఎరుకతో కూడిన చలనము. ఆ ఇంట తొమ్మిది సంవత్సరములు వంగి నేల తుడిచిన స్త్రీలో ఆ చైతన్యము ఉండెను. ఇంటివారు స్థావరమునకు పీట వేసి, ఛార్జింగు పెట్టి, పిల్లలచేత ముద్దుపేరు పెట్టించి గౌరవించిరి. చైతన్యమును శోధించి పంపివేసిరి.

అయిదక్కి మారయ్య, లక్కమ్మల కథ ఇచ్చట స్మరింపదగినది. రాలిన బియ్యపుగింజలు ఏరుట వారి కాయకము. ఒకనాడు భర్త నిత్యముకన్న అధికముగా బియ్యము తెచ్చినపుడు, ఆ అధికము ఆశవలన వచ్చినదని లక్కమ్మ మందలించి తిరిగి పంపెను. అవసరమునకు మించినది ఇంటికి వచ్చినపుడు అది ఎవరి పాలినుండి వచ్చినదని అడుగుట ఆ శరణి నేర్పిన పాఠము. యంత్రము వలన మిగిలిన ధనము ఆ ఇంట ఎవరి పాలినుండి వచ్చినది? బస్తీలోని ఒంటిగదినుండి వచ్చినది. ఆ లెక్కను లక్కమ్మ వలె అడిగినవారు ఆ ఇంట లేకపోయిరి.

కన్నును నమ్మినవారు

మరియొక విచిత్రము కలదు. మనుష్యుడు ఇంటిలోనికి వచ్చి సొమ్ములు చూచునని గృహస్థులు జాగరూకులగుదురు. కెమెరాగల యంత్రము అన్ని గదులలో తిరుగుచుండగా నిశ్చింతగా నిదురింతురు. 2022 వ సంవత్సరాంతమున అమెరికాలోని ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ పత్రిక ఒక వార్త ప్రకటించెను. పరీక్షలో నుండిన ఊడ్చు యంత్రములు 2020 లో ఇండ్లలో తీసిన చిత్రములు, వానిని గుర్తులు పెట్టుటకు నియుక్తులైన దూరదేశపు పనివారి చేతులకు చేరి, వారి ద్వారా సామాజిక మాధ్యమ బృందములలోనికి ప్రాకినవి. స్నానపుగదిలోనున్న ఒక స్త్రీ చిత్రమును వానిలో ఉండెను. అవి విపణిలో అమ్మిన యంత్రములు కావనియు, చిత్రములు పంపుటకు ఒప్పుకొన్నవారి ఇండ్లలోనివనియు ఆ సంస్థ తెలిపెను. అయినను నేర్వవలసిన పాఠము నిలిచియే యున్నది.

ఆ పనిచేయు స్త్రీ తొమ్మిది సంవత్సరములలో ఆ ఇంట చూడనిది లేదు. భార్యాభర్తల కలహములు చూచెను, అప్పుల చింత వినెను, జ్వరముతో వృద్ధురాలు పలవరించుట చూచెను. ఏ ఒక్క మాటయు బయటికి పోలేదు. బయటికి పోయిన మాట ఆమెనుగూర్చి ఇంటివారు అన్న మాట ఒక్కటే. ఎవరిని నమ్మవలెను, ఎవరిని శంకింపవలెను అను వివేకము ఎంత తలక్రిందులైనదో దీనివలన తెలియుచున్నది. ఆవులను దొంగలు తోలుకొనిపోయినపుడు సైతము గగ్గోలు పెట్టవలదని బసవేశ్వరుడు వారించినట్లు వచనము చెప్పుచున్నది. నిజముగా దొంగిలించినవారియందే అంతటి ఓర్పు చూపిన మహనీయుని నామమును నిత్యము జపించు ఇంట, దొంగిలింపనివారిపై చూపు పడినది.

నల్లని తివాచీని అగాధమని భ్రమించు యంత్రమును చూచి పిల్లలు నవ్వుదురు. పేదరికమును చూడగానే దొంగతనమని భ్రమించు మనస్సు దానికన్న తెలివైనదా?

ఎర్రని గీత

దుద్దు దొరికిన సాయంత్రము పూజానంతరము వృద్ధురాలు కొడుకును, కోడలిని కూర్చుండబెట్టెను.

"నువ్వు ఫోనులో గీసిన గీత చూసినప్పుడే అడుగుదామనుకున్నాను నాయనా, నోరు రాలేదు. ఈ గీత కొత్తదా? తొమ్మిదేండ్లుగా ఆ పిల్ల మన ఇల్లంతా ఊడ్చింది. పూజగది గడప దగ్గర ఆగిపోయేది. ఆగమని నేనే చెప్పాను, మొదటి రోజున. మళ్లీ చెప్పే అవసరం రాలేదు. యంత్రానికి నువ్వు గీసిన గీత, మనిషికి నేను గీసిందే. తప్పు నాతో మొదలైంది."

ఈ మాటలు ఒక్క ఇంటివి కావు. కల్యాణపట్టణమున ఏ గీతను చెరపుటకు శరణులు ప్రాణములొడ్డిరో చదువరులు ఎరుగుదురు. చర్మకారుడైన హరళయ్య కుమారునికిని, బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెకును వివాహము జరిగినది. అందులకై ఆ ఇరువురు తండ్రులకును క్రూరదండన విధింపబడెనని సంప్రదాయము చెప్పుచున్నది. శరణులు కల్యాణమును విడిచి చెల్లాచెదురైరి. అంతటి మూల్యము చెల్లించి చెరిపిన గీతను, వారి పేరు చెప్పుకొను ఇండ్లలో, గడప దగ్గర మరల గీసికొనుట ఎట్టి ధర్మము? ఇష్టలింగమును మెడలో ధరింపజేసి, దేవునికిని భక్తునికిని నడుమ గడపయే వలదని బసవేశ్వరుడు నేర్పెను. ఆ దేవుని గదికే గడప కట్టి, ఊడ్చినవారిని వెలుపల నిలుపుట ఆయన మార్గమునకు విరుద్ధము.

గీతలు గీయునపుడు యంత్రము ఎదురు చెప్పదు. అందుచేతనే అది సుఖముగా తోచును. చెప్పిన చోట ఆగి, పిలిచిన చోటికి వచ్చి, జీతమడుగక, జ్వరపడక, పండుగకు చీర అడుగక పనిచేయు దానికి అలవాటుపడిన మనస్సు, క్రమముగా మనుష్యులనుండియు అదే కోరును. వృద్ధురాలైన తల్లి ఆలస్యముగా నడచినను విసుగు పుట్టును. పిల్లవాడు రెండుమారులు అడిగినను కోపము వచ్చును. భృత్యాచారము శరణుల పంచాచారములలో ఒకటి. భక్తుడు తన్ను తాను అందరికిని సేవకునిగా తలచుకొనుట దాని అర్థము. ఆజ్ఞాపించుటయే నిత్యాభ్యాసమైన ఇంట భృత్యాచారము నిలుచుట కష్టము. కావున యంత్రము ఉన్న ఇంటివారు సేవను మరింత ప్రయత్నపూర్వకముగా అభ్యసింపవలెను.

క్షమాపణ

మరునాడు అత్తాకోడండ్లు బస్తీకి వెళ్లిరి. ఒంటిగది వాకిట ఆ స్త్రీ బిడ్డ జడ వేయుచుండెను. కోడలు దుద్దు దొరికిన విధమును చెప్పి, "నాదే తప్పు. నన్ను క్షమించు" అని చేతులు జోడించెను. ఆ స్త్రీ కంగారుపడి లేచి ఆమె చేతులు పట్టుకొనెను. వృద్ధురాలు, "బిడ్డా, మళ్లీ రా. ఇదివరకటి జీతమే ఇస్తాము" అనెను.

ఆమె కొంతసేపు మౌనముగా నుండి, "వేరే రెండిండ్లు ఒప్పుకున్న పెద్దమ్మా. నేను రాను. కోపం ఏం లేదు. కానీ ఒక్కటి చేయండి. నేను దొంగను కానని ఆ బిల్డింగులో అందరికీ మీ నోటితో చెప్పండి. గేటు దగ్గర సంచి విప్పినప్పుడు నా కొడుకు పక్కనే ఉన్నడు" అనెను.

క్షమాపణ చెప్పినంతనే పూర్వస్థితి తిరిగివచ్చునని తలచువారు ఈ మాటను గమనింపవలెను. నలుగురిలో పోయిన మానమును నాలుగు గోడల నడుమ తిరిగి ఇచ్చుట చాలదు. అపవాదు ఎంత దూరము పోయెనో, సత్యమును అంత దూరము నడచి వెళ్లవలెను. అది చేయకున్నచో క్షమాపణ కోరినవారి మనశ్శాంతికే అది పనికివచ్చును గాని, బాధపడినవారికి కాదు.

కోడలు ఆ పని చేసెను. కాపలాదారునితో మొదలుపెట్టి, మాట ప్రాకిన ప్రతి తలుపు తట్టి, "దుద్దు నా ఇంటిలోనే, నా యంత్రములోనే దొరికింది. ఆమె ఏమీ తీయలేదు. తప్పు నాది" అని చెప్పెను. మొదటి తలుపు దగ్గర గొంతు వణకెను. చివరి తలుపు దగ్గర స్థిరపడెను. సంచి విప్పించిన కాపలాదారు వినిన పిదప, తానును ఆమెకు ఒక మాట చెప్పుకొందుననెను.

ఆ వైశాఖశుద్ధ తదియనాడు, బసవజయంతి ఉత్సవమునకు, ఆ స్త్రీని బిడ్డలతో కూడ వారు ఆహ్వానించిరి. ఆమె వచ్చి అలవాటు చొప్పున పూజగది గడప దగ్గర ఆగెను. వృద్ధురాలు లేచి వచ్చి, చేయి పట్టుకొని లోపలికి తీసికొనిపోయి, తన చేతులతో ఆమె నుదుట విభూతి పెట్టెను. అనంతరము అందరు ఒకే పంక్తిలో కూర్చుండి ప్రసాదము స్వీకరించిరి.

ధూళిపెట్టె

ఆ ఇంట యంత్రము నేటికిని తిరుగుచున్నది. దానిని విసరివేయవలెనని ఎవరును అనలేదు. అనవలసిన అవసరమును లేదు. కాని రెండు మార్పులు జరిగినవి. దేవుని గదిని గృహస్థుడు తానే ప్రతి ఉదయము చీపురుతో ఊడ్చుచున్నాడు. యంత్రము వచ్చిన పిదప ఇంటికి మిగులుచుండిన జీతపు సగమును, ఆ స్త్రీ బిడ్డల చదువుకు దాసోహముగా నియమించిరి. ఇది దానము కాదు, ఆమె పాలినుండి వచ్చినది ఆమె పాలికే పోవుట అని వృద్ధురాలు చెప్పినందున, ఆమె స్వీకరించెను.

మూడవదియు ఒకటి కలదు, అది చిన్నది. రాత్రి భోజనానంతరము ధూళిపెట్టెను విప్పి దులుపు పని ఇంటివారు వంతులవారీగా చేయుచున్నారు. ఒకరోజున ఎంత పోగైనదో చూచి పిల్లలు ఆశ్చర్యపోవుదురు. కంటికి శుభ్రముగా తోచిన నేలనుండియే అంత ధూళి వచ్చినది. బహిరంగశుద్ధికి ఇంత శ్రద్ధ అవసరమైనపుడు, అంతరంగశుద్ధికి ఎంత కావలెను? పగలంతయు మనస్సు తిరిగిన చోటులనుండి అది ఏమేమి పోగుచేసికొని వచ్చినదో రాత్రి విప్పి చూచుకొనువాడు ధన్యుడు. పరులను శంకించిన మాట, వాకిట నిలిపిన మనుష్యుడు, మరచిన ఉపకారము, అన్నియు అందే యుండును. అయిదు దినములు దులుపక వదలినచో ఎవరి దుద్దు అందు చిక్కునో, దానికై ఎవరి కొంగు విప్పవలసివచ్చునో చెప్పజాలము.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును తెనుగు ద్విపదలో రచించి శరణుల కథలను ఈ నేలపై ఇంటింటికిని చేర్చెను. ఆ కథలలోని చాకలిని, బెస్తను, కుమ్మరిని చదివి కన్నీరు పెట్టువారు, తమ వాకిట నిలిచిన శ్రామికులయందు ఆ శరణులనే చూడగలిగిననాడు ఆ పఠనము ఫలించును. యంత్రములు ఇంకను వచ్చును. వంట చేయునవి వచ్చును, బట్టలు మడత పెట్టునవి వచ్చును. ప్రతి యంత్రము ఇంటికి వచ్చిననాడు లక్కమ్మ ప్రశ్నను అడుగుడు: ఈ మిగులు ఎవరి పాలినుండి వచ్చినది? సత్యక్క చీపురు ఆ ప్రశ్నలో సజీవముగా ఉండును.